పన్నెండో టెస్ట్ డ్రైవ్

పోయిన వారం మనం శనివారం మేడమ్‌ని షోరూం మధ్యలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ భుజాన సంచితో అక్కడే ఉండిపోయింది. "మేడమ్, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళేముందు ఒక్క నిమిషం నా గదిలోకి వస్తారా?" అని మేనేజరమ్మ పిలిచింది. మాటలో మర్యాదకేం లోటు లేదు. కానీ ఆవిడ చంకలో టెస్ట్ డ్రైవ్ పుస్తకం ఉంది. అద్దాల అవతల బండి అద్దం తుడుస్తున్న మాస్టారు, మేడమ్‌తో ప్రతిసారీ టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళే మనిషి, ఆ పుస్తకాన్ని చూసి తుడవడం ఆపేశాడు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. శనివారం మేడమ్ అన్నది షోరూం వాళ్ళు పెట్టిన పేరు. ప్రతి శనివారం పదకొండింటికి ఠంచనుగా వస్తుంది, అదే కారు అరగంట నడుపుతుంది, "ఇంకా ఆలోచిస్తానండీ" అని వెళ్ళిపోతుంది. నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడెవరూ మిగల్లేదు. పని కట్టుడు పళ్ళ ల్యాబులో. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే పళ్ళ సెట్లు తయారుచేసే చోటది.

ఆ పనిలో ఒక పద్ధతుంది. సెట్టు ముందు మైనంలో అమరుస్తారు. దాన్ని ట్రయల్ అంటారు. పేషెంటు నోట్లో పెట్టి చూసి, ఇదుగో ఈ పన్ను వంకర, అదుగో ఆ పన్ను పొడుగు అంటే, మైనం వేడిచేసి మళ్ళీ సర్దుతారు. ఎన్నిసార్లయినా సర్దుకోవచ్చు. మైనం కరిగించి ప్లాస్టిక్ పోశాక మాత్రం ఇక మార్పనేది ఉండదు. పాతికేళ్ళు అదే పని చేసిన మనిషికి, ట్రయల్ పూర్తిగా కుదిరేదాకా దేన్నీ ఖాయం చెయ్యకూడదన్నది ఒంటికి పట్టేసింది. చెప్పుల జత కొనాలన్నా నాలుగుసార్లు వెళ్ళి వేసుకు చూసొస్తుంది. ఇక కారు సంగతి చెప్పాలా?

అసలు కారెందుకయ్యా అంటే, అక్క కోసం. అమ్మ పోయాక చిన్నదాన్ని పెంచింది అక్కే. బావ పోయి రెండేళ్ళయింది. మూడు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో అక్క ఒక్కతే ఉంటోంది. నడుముకి ఆపరేషనయ్యాక నిటారుగా పది నిమిషాలు కూర్చోలేదు, ఒరిగి పడుకోవాల్సిందే. "నా దగ్గరికి వచ్చెయ్యక్కా, టాక్సీ తెస్తాను" అని చెల్లెలు అడిగితే అక్క ససేమిరా అంది. "టాక్సీలో వచ్చేది చుట్టపుచూపుకే చిన్నీ. నేను ఉండిపోవాలంటే నీ సొంత కారు తెచ్చి ఎక్కించుకో. అప్పుడొస్తా" అని తెగేసి చెప్పింది. ప్రతి ఆదివారం ఫోనులో "కొన్నావా?" అని అడిగేది. "వచ్చే ఏడాది కొత్త మోడల్ వస్తోందట అక్కా, అందులో సీటు బాగా వాలుతుందట, కాస్త ఆగుతున్నా" అని చెల్లెలు చెప్పేది. గడిచిన మూడు ఆదివారాలుగా అక్క ఆ మాటే ఎత్తడం లేదు. నిజం చెప్పొద్దూ, అడగనందుకు చెల్లెలు కాస్త ఊపిరి కూడా పీల్చుకుంది.

సరే, ఇక మేనేజరమ్మ గదిలోకి పోదాం.

"కూర్చోండి మేడమ్" అంది మేనేజరమ్మ. ముప్పై ఐదేళ్ళుంటాయి. శనివారం మేడమ్ అలవాటు కొద్దీ ముందు పళ్ళే చూసింది. పై పళ్ళ అంచులు అరిగి సమంగా ఉన్నాయి. నిద్రలో పళ్ళు కొరుక్కునే మనిషి. పాపం, ఈవిడకీ ఏదో ఒత్తిడి ఉన్నట్టుంది అనుకుంది.

"ఏమీ అనుకోకండి. మా పుస్తకం ప్రకారం మీరు ఈ కారు పదకొండుసార్లు నడిపారు. మా సేల్స్‌వాళ్ళు చాలామంది అన్నిసార్లు నడిపి ఉండరు" అని మేనేజరమ్మ నవ్వింది. తర్వాత నవ్వాపి, "తప్పుపట్టడం లేదు. మీకొక మాట ముందే చెప్పాలని పిలిచాను. కొత్త బళ్ళన్నీ అయిపోయాయి. మిగిలింది మీరు నడిపే ఆ టెస్ట్ డ్రైవ్ కారొక్కటే. దాన్ని కూడా అమ్మేస్తున్నాం. సాయంత్రం ఐదింటికి ఒకాయన వస్తున్నాడు. మీరు ఇన్నిసార్లు వచ్చారు కాబట్టి మొదటి అవకాశం మీకే. ఐదులోపు సంతకం పెడితే కారు మీది" అంది.

"లేదండీ, నేను వచ్చే ఏడాది మోడల్ కోసం..."

"వచ్చే ఏడాది మోడలా?"

"అదే, సీటు మంచంలా పూర్తిగా వాలుతుందట కదా."

మేనేజరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "ఈ కారుకి వచ్చే ఏడాది అంటూ లేదు మేడమ్. ఈ నెలాఖరుకి తయారీ ఆపేస్తున్నారు. ఆ సంగతి మాకు ఆర్నెల్ల కిందటే చెప్పారు. మంచంలా వాలే సీటా? ఎవరు చెప్పారండీ మీకు?"

శనివారం మేడమ్ సంచిని ఒళ్ళోకి లాక్కుంది. ఎవరు చెప్పారంటే ఏం చెప్పాలి? చెప్పిన మనిషి అద్దాల అవతల బట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా వాళ్ళెవరైనా చెప్పారా?" మేనేజరమ్మ గొంతు తగ్గించింది. "చెప్పండి మేడమ్, ఫరవాలేదు. కస్టమరుకి అబద్ధం చెప్పి అమ్మకం చెడగొట్టినవాణ్ణి నేను సాయంత్రందాకా కూడా ఉంచను. పదకొండుసార్లూ ఒకే మనిషి మీతో వచ్చాడు. పదకొండుసార్లూ 'కస్టమరు ఆలోచనలో ఉన్నారు' అనే రాశాడు. నాకేదో అనుమానంగా ఉంది."

ఒక్క మాట చాలు, ఆయన ఉద్యోగం ఊడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మోసపోయానన్న మంట ఒక పక్క, ఆ మంట ఆయన మీద చల్లడానికి చెయ్యి రాకపోవడం ఒక పక్క. ఇంకా మైనంలోనే ఉన్న పళ్ళ గురించి "దారిలో ఉన్నాయండీ, వచ్చేస్తున్నాయి" అని డాక్టర్లకి ఏళ్ళ తరబడి ఫోనులో చెప్పిన అనుభవం ఆ క్షణంలో ఆవిడని ఆదుకుంది.

"బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నానండీ. మీ వాళ్ళు కాదు" అంది.

మేనేజరమ్మ కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. "సరే. చివరిసారిగా ఒక రౌండు వేసి రండి. వచ్చాక అవునో కాదో తేల్చేద్దాం. కాదంటే, ఏమీ అనుకోకండి, ఇక టెస్ట్ డ్రైవ్‌లు ఉండవు" అని పుస్తకంలో పన్నెండో గీత గీసింది.

బండి గేటు దాటింది. టైర్ల కొట్లు, ఇనుప సామాను గోదాములు దాటి, నీళ్ళ ట్యాంకుల కాంపౌండు గోడ వెంట పోయే పొడుగాటి రోడ్డు మీదికి వచ్చింది. ప్రతి శనివారం ఇదే దారి. పక్క సీట్లో మాస్టారు. యాభై ఆరేళ్ళ మనిషి, పొడుగు, సన్నం, ముందు పన్ను మీద ఎవడో చేతకానివాడు వేసిన తొడుగు, పక్క పళ్ళకన్నా రెండు పాళ్ళు ఎక్కువ తెలుపు. ఒకప్పుడు డ్రైవింగు స్కూల్లో నేర్పేవాడు కాబట్టి అందరికీ మాస్టారయ్యాడు. నేర్పే బళ్ళలో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. ఈ బండిలో లేదు. అయినా మలుపొచ్చినప్పుడల్లా ఆయన కాలు ఆ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంటుంది.

"మూడో గేరెయ్యొచ్చు మేడమ్" అన్నాడాయన. "ఈ వారం ల్యాబులో పింగాణీ పళ్ళ పని ఎక్కువుందా? మాట్లాడటం లేదు?"

ఆవిడ బండిని గోడ పక్కగా ఆపి, ఇంజను ఆపేసింది.

"మాస్టారూ, వచ్చే ఏడాది మోడల్లో సీటు ఎంత వాలుతుందన్నారు?"

"పూర్తిగా మేడమ్. మంచంలా."

"ఎవరు చెప్పారు మీకు?"

"అదే... కంపెనీ వాళ్ళు మీటింగులో..."

"ఏ కంపెనీ మాస్టారూ? ఈ కారే ఆపేస్తున్నారట కదా. ఆర్నెల్ల కిందటే మీకు తెలుసట కదా."

బండి ఆగి ఉంది. అయినా మాస్టారి కాలు కింద లేని బ్రేకుని గట్టిగా నొక్కి పట్టింది.

"మేనేజరమ్మకి చెప్పేశారా?"

"లేదు. బస్సులో విన్నానని చెప్పాను. మీ కోసం నేను కూడా అబద్ధమాడాను. ఇప్పుడైనా నిజం చెప్పండి. అమ్మేవాళ్ళు కొనండి కొనండి అని వెంటపడతారు. కొనొద్దని ఆపేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఎందుకు చెప్పారలా?"

మాస్టారు చేతిలో బట్టని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"నాలుగో శనివారం గుర్తుందా మేడమ్? మీరు సంచిలోంచి పెన్ను తీశారు. కాయితాలివ్వండి మాస్టారూ, సంతకం పెట్టేస్తాను అన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీరు సంతకం పెట్టేస్తే, ఆపై శనివారం మీరు రారు. ఎందుకొస్తారు? కారు కొన్నవాళ్ళు మళ్ళీ షోరూంకి ఎందుకొస్తారు? సీటు ఇంకొంచెం వాలితే బాగుండేది అని మీరే అన్నారు. వచ్చే ఏడాది పూర్తిగా వాలుతుందట, ఆగండి అని నోటికొచ్చింది చెప్పేశాను. అంతే మేడమ్. ఇంతకన్నా పెద్ద కారణమేమీ లేదు."

"అంతేనా?"

"మా ఇంట్లో ఒక రేడియో ఉంది, నేనున్నాను. వారం పొడుగునా నేను మాట్లాడేవన్నీ మైలేజీ మాటలు, వారంటీ మాటలు. ఈ అరగంట మాత్రం మీరు పళ్ళ గురించి చెబుతారు, నేను వింటాను. శనివారం చొక్కా శుక్రవారమే ఇస్త్రీ చేసి పెట్టుకుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి."

ఆవిడకి నవ్వు రాలేదు. ఇంకెప్పుడైనా అయితే ఈ మాటలకి ఆవిడ ప్రాణం లేచొచ్చేది. మూడు నెలలుగా ఇలాంటి మాట ఒక్కటి ఎవరైనా అంటే బాగుండునని లోలోపల అనుకుంటున్న మనిషే కదా. కానీ ఇప్పుడు ఆవిడ కళ్ళ ముందు మెదులుతున్నది అక్క మొహం. ఒళ్ళు మండిపోయింది.

"ఆ సీటు ఎవరికనుకున్నారు మాస్టారూ? వచ్చిన ప్రతిసారీ సీటు వాల్చి మిమ్మల్ని పడుకోమన్నాను. ఎందుకనుకున్నారు?"

"మీకేదో నడుం నొప్పేమో అనుకున్నా. ఆడవాళ్ళని అడిగితే బాగోదని ఊరుకున్నా. పడుకోమన్నారు, పడుకున్నాను. మా షోరూంలో నన్ను చూసి ఎంత నవ్వుకునేవాళ్ళో మీకు తెలీదు."

"నాకు కాదు. మా అక్కకి. ఆవిడ నడుం పనిచెయ్యదు. పడుకునే ప్రయాణం చెయ్యాలి. నేను కారు కొని తీసుకొస్తానని మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. మీరు చెప్పిన ఆ దిక్కుమాలిన సీటు కోసం నేను ఆగాను, ఆవిణ్ణి ఆపాను. తెలుసా?"

మాస్టారు ఆవిడకేసి తిరిగాడు.

"మీకు అక్క ఉన్నారా?"

"ఉంది."

"మూడు నెలలు మేడమ్! మీ ల్యాబులో పింగాణీ పొయ్యి ఎంత వేడెక్కుతుందో నాకు తెలుసు. మీ ఓనరు పెట్టుడు జుట్టు ఫ్యానుగాలికి లేచిన సంగతి తెలుసు. కారు ఎందుకండీ అని మొదటి రోజే అడిగాను. ల్యాబు డెలివరీలకి అన్నారు. అక్క ఉన్నారని, ఆవిడ ఎదురుచూస్తున్నారని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ రోజే దగ్గరుండి సంతకం పెట్టించేవాణ్ణి కదా! నేనంత పాపిష్టివాణ్ణా? ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ చూపు స్టీరింగు మీదికి దించుకుంది. నిజమే, ఎందుకు చెప్పలేదు? అన్నీ చెప్పింది కదా. పొద్దున ఏ బస్సెక్కిందీ, ఎవరి పన్ను ఎలా విరిగిందీ, ఇంట్లో కుళాయి ఎలా కారుతోందీ అన్నీ. అక్క మాట ఒక్కటే ఎందుకు దాచింది?

సమాధానం ఎక్కడో లేదు, అక్కడే ఉంది. చెబితే ఆయన ఆ రోజే సంతకం పెట్టిస్తాడని ఆవిడకి తెలుసు. అందుకే చెప్పలేదు. సంతకం పెడితే శనివారాలు అయిపోతాయి. ఆయన అబద్ధం చెప్పాడన్నది నిజమే. ఆ అబద్ధాన్ని రెండు చేతులా అందుకుని, ఆదివారం ఆదివారం అక్కకి అప్పజెప్పింది మాత్రం తనే. ఒక్క ఫోను చేసి ఏ షోరూంలో అడిగినా నిజం తెలిసేది. అడగలేదు. అడగకుండా ఆగడమంటే తనకి ఇష్టం కాబట్టి అడగలేదు. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సంచిలోంచి ఫోను తీసి అక్కకి చేసింది. మాస్టారు ఏమీ అడక్కుండా తలుపు తీసుకుని దిగి, గోడ వెంట పది అడుగులు నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏమే, ఇవాళ శనివారం కదా?" అంది అక్క. "శనివారాలు నీకేదో పనుంటుందిగా."

"అక్కా, కారు కొంటున్నాను. ఇవాళే."

అటునుంచి ఏదో టేపు బర్రున లాగి తెంపుతున్న చప్పుడొచ్చింది.

"ఎందుకే ఇప్పుడు?" అంది అక్క.

"ఎందుకేంటక్కా? నిన్ను తెచ్చుకోవడానికి."

"మూడింటికి మా ఆడపడుచు వస్తోంది చిన్నీ. కారు తెస్తోంది. ఇక వాళ్ళింట్లోనే ఉంటాను. సామాను అట్టపెట్టెల్లో సర్దేస్తున్నా. నీకు రేపు చెబుదామనుకున్నా, ఎలాగూ ఆదివారం ఫోను చేస్తావు కదా అని."

"ఆవిడంటే నీకు పడదు కదక్కా! బావ ఉన్నప్పుడే నువ్వు వాళ్ళింట్లో రెండు రోజులు ఉండలేకపోయేదానివి!"

"ఇప్పుడూ పడదు. అయితేనేం? నా సంగతి విని ఒక్క నిమిషం ఆలోచించలేదు. 'వచ్చెయ్ వదినా' అంది. అంతే."

"నువ్వే కదక్కా కారు కావాలన్నది? సొంత కారైతేనే వస్తానన్నావు కదా? నేను మంచి సీటుండాలని, నీకు నొప్పి తెలియకూడదని..."

"నాకు కారెందుకే పిచ్చిదానా?" అక్క గొంతు పెరగలేదు. అరిచినా బాగుండేది. "సామాన్ల లారీలో పరుపేసి పడుకోబెట్టినా వచ్చేదాన్ని. నా కోసం ఒక్క పని, ముందూవెనకా చూడకుండా గబుక్కున చేస్తావేమో చూద్దామని ఆ మాటన్నాను. నువ్వు ఆగే మనిషివని నాకు తెలియదా? పెంచినదాన్ని. అన్నిటికీ ఆగుతావు. నా విషయంలో కూడా ఆగుతావని మాత్రం అనుకోలేదే."

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకుని స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుంది.

"మూడింటిలోపు నేనొస్తే?"

"నువ్వా? మూడింటిలోపా?" అక్క నవ్వింది. ఎగతాళి కాదు, ఓపిక లేని నవ్వు. "వస్తే నీతోనే వస్తాను. కారు ఏ ఏడాదిదని కూడా అడగను. మూడు దాటితే మాత్రం ఆవిడ బండెక్కేస్తాను. మాటిచ్చాను. వచ్చినావిణ్ణి గుమ్మంలో నిలబెట్టి మా చెల్లెలు ఆలోచిస్తోంది, ఆగమని చెప్పలేను. ఉంటానే, పెట్టెలున్నాయి."

ఫోను పెట్టేసింది. టైము పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. దారి మూడు గంటలు. చేతిలో ఉన్న సమయం మూడు గంటల పది నిమిషాలు.

మాస్టారు వచ్చి కూర్చున్నాక ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్కేశాడు. కాయితాల పని రెండు గంటలు, ఎంత పరిగెత్తించినా. సంతకం పెట్టి బయల్దేరితే అక్క వెళ్ళిపోతుంది. ముందు అక్క దగ్గరికి వెళితే తిరిగొచ్చేసరికి ఆరు దాటుతుంది, ఐదింటికి వచ్చే పెద్దమనిషి కారు లేదని కేకలేస్తాడు, మేనేజరమ్మ అనుమానం కాస్తా నిజమైపోతుంది. ఈ గోదాముల మధ్యకి టాక్సీని పిలిపించుకుని, ఊరు దాటడానికి ఒప్పించేసరికి గంట. ఆ గంట ఆవిడ దగ్గర లేదు.

ఆవిడ బండి స్టార్టు చేసింది. గోడ చివర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి మలుపు తిరిగి షోరూంకి పోతుంది. రెండోది తిన్నగా పెద్ద రోడ్డెక్కి ఊరు దాటుతుంది. పదకొండు శనివారాలు అక్కడ బండి షోరూం వైపే తిరిగింది. ఆవిడ చీలిక దగ్గర బ్రేకు వేసింది. అప్పుడే మాస్టారి జేబులో ఫోను మోగింది.

"మేనేజరమ్మే" అన్నాడాయన, ఎత్తకుండా.

"దిగండి మాస్టారూ" అంది ఆవిడ. "నేను బండి తీసుకుపోయానని చెప్పండి. ఎంత ఆపినా ఆగలేదని చెప్పండి. తిరిగొచ్చి సంతకం పెడతాను. పోలీసుల్ని పిలిచినా సరే. మీ మీదికి రానివ్వను."

"నేనూ వస్తాను మేడమ్. మీరు పెద్ద రోడ్డు మీద ఎప్పుడూ నడపలేదు. పక్కన ఒక మనిషి లేకుండా అసలు ఎప్పుడూ నడపలేదు. వెనక సీట్లో కూర్చుంటాను. నోరు కూడా మెదపను."

ఎంత మాట అది! మూడు గంటల దారి, పక్కన మనిషి. ఆవిడ వారం వారం అరగంట చొప్పున ఏరుకుంటున్నది ఒక్కసారిగా మూడు గంటలు దొరుకుతోంది. సరే అనడానికి ప్రాణం లాగింది.

"వద్దు" అంది. "మీరు పక్కనుంటే నాకు తొందరగా చేరాలనిపించదు మాస్టారూ. అదే నా జబ్బు. మీకు తెలియదా?"

మాస్టారు బెల్టు తీశాడు. దిగి, తలుపు వేసి, అది సరిగా పడిందో లేదో అలవాటుగా ఒకసారి నొక్కి చూశాడు. చాలా నెమ్మదిగా వెనక్కి జరిగాడు.

బండి కదిలింది. మొదటి గేరు, రెండు, మూడు. "ఇప్పుడెయ్యొచ్చు మేడమ్" అనేవాళ్ళు లేరు. అద్దంలో చూస్తే మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి ఫోను దించేసి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ బండి వెంట పరుగు లంకించుకున్నాడు. ఏదో అరుస్తున్నాడు. అద్దాలు ఎక్కించి ఉన్నాయి, ఒక్క ముక్క వినబడలేదు. మనసు మార్చుకున్నాడు, ఆగిపొమ్మంటున్నాడు అనుకుంది ఆవిడ. జన్మలో మొదటిసారి ఆవిడ ఆగలేదు. పెద్ద రోడ్డెక్కేసింది.

లారీలు, బస్సులు రొదపెట్టుకుంటూ దాటిపోతున్నాయి. చెమటలు పట్టాయి. అయినా బండి తిన్నగానే పోతోంది. ఊరి చివరి ఇళ్ళు కూడా వెనకబడ్డాయి. అక్కతో ఏం మాట్లాడాలో, ఏ పెట్టె వెనక సీట్లో పెట్టాలో, ఏది డిక్కీలో పెట్టాలో ఆలోచించుకుంటూ నలభై నిమిషాలు నడిపింది. రోడ్డుకి అటూ ఇటూ ఇక కొట్లు లేవు, మనుషులు లేరు. చెట్లు కూడా పలచబడ్డాయి.

అప్పుడు స్టీరింగు వెనక మీటర్ల మధ్య పసుప్పచ్చ దీపమొకటి వెలిగింది. పన్నెండు శనివారాల్లో ఆ దీపాన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చూసే అవకాశమేదీ? టెస్ట్ డ్రైవ్ బండికి షోరూం వాళ్ళు రెండు రౌండ్లకి సరిపడా పెట్రోలే పోయించి ఉంచుతారు, ప్రతి పొద్దునా మాస్టారే చూసుకుంటాడు. ఆయన చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చింది ఏం చెప్పడానికో మనకి తెలుస్తోంది గానీ, ఆవిడకి ఇంకా తెలియదు.

బండి ఒకసారి కుదిపినట్టయింది.

"ఇదేం దీపం మాస్టారూ?" అని పక్కకి తిరిగి అడిగింది. సీటు ఖాళీగా ఉంది.